ఐజాక్ ఆపిన పాట

పెళ్ళికి పాటలు ఎంచడం కూడా ఒక పనేనా అని ఎవరైనా అంటే నాకు ఒళ్ళు మండుతుంది. అలాంటివాళ్ళు మా ఐజాక్ వెంట ఒక్క వారం తిరగాలి. బాక్సులు మోసి నడుం పడిపోవడం ఒక ఎత్తు, ఏ పందిట్లో ఏ పాట పెట్టకూడదో గుర్తుంచుకోవడం ఇంకో ఎత్తు.

మా ఊరు పామిడికి ఆరు మైళ్ళు. ఊరి మొదట్లో నాకొక కిరాణా అంగడి ఉంది, నా పేరు కేశవ. నా అంగడి పక్క రేకుల షెడ్డులోనే ఐజాక్ సామాను ఉంటుంది. జనం దాన్ని డీజే అంటున్నారు గానీ అతను ఇప్పటికీ మైక్‌సెట్టు అనే అంటాడు. వాళ్ళ నాయన సుంకన్న తప్పెట కొట్టేవాడు. పెళ్ళయినా, చావయినా, ఊరి దేవర జాతరయినా ఆయన తప్పెట మోగాల్సిందే, తిండి మాత్రం అందరూ తిన్నాక గడప బయట. తన మెడలో ఆ తప్పెట పడకూడదని ఐజాక్ ఇరవయ్యో ఏట రెండు బూర స్పీకర్లూ ఒక క్యాసెట్ ప్లేయరూ కొన్నాడు. క్యాసెట్లు పోయి సీడీలు వచ్చాయి, సీడీలు పోయి పెన్‌డ్రైవ్‌లు వచ్చాయి. పని మాత్రం నాయన పనే. ఇప్పటికీ పెళ్ళికీ అతనే, చావుకీ అతనే.

మా వైపు పెద్దవాళ్ళు పోతే ఏడుపులతో పాటు పాటలూ ఉంటాయి. మనవళ్ళు శవం బండి ముందు చిందులేస్తూ సాగనంపుతారు. వయసు పిల్లలు పోతే ఇదివరకు ఇవేవీ ఉండేవి కావు. ఇప్పుడు స్నేహితులు పట్టుబట్టి, పోయినవాడికి ఇష్టమైన పాట పెట్టించి, ఏడుస్తూనే ఆడుతున్నారు. అలా ఒకసారి శ్మశానం దాకా వెళ్ళొచ్చిన పాట మళ్ళీ ఆ ఇంటి పందిట్లో మోగకూడదు. ఈ నియమం ఎవరూ పెట్టలేదు. పెట్టకపోయినా తప్పితే మాత్రం కొడతారు. ఒకసారి విడపనకల్లు వైపు ఒక పెళ్ళిలో తెలియక తాతగారి చావులో మోగిన పాట వేసినందుకు ఐజాక్ మిక్సరు పగలగొట్టారు కూడా.

అప్పటి నుంచి అతను అన్నీ గుర్తుంచుకుంటాడు. ఫలానా ఊళ్ళో ఫలానా ఇంట్లో గాజుల పాట పనికిరాదు. ఇంకో ఊళ్ళో దేవుడి పాటే పనికిరాదు. కాగితం లేదు, అంతా తలలోనే. యాభై దాటాక ఆ తల బరువెక్కింది.

"యాసిరికైపోయిందన్నా" అంటాడు విసిగిపోయి, అంగడి ముందు బస్తా మీద కూలబడి. "ఏ పాట పెట్టినా ఎవురో ఒకరు పోయినోళ్ళు గుర్తుకొస్తారు. నాకు ఒక్క పాటా మంచిగా మిగల్యా."

ఇంటికి వెళ్తే అతను రేడియో కూడా పెట్టనివ్వడని వాళ్ళావిడ రూతు చెబుతుంది. ఆదివారం చర్చిలో మైకు సరిచేసి వచ్చి, గోడవైపు తిరిగి పడుకుంటాడు.

మొన్న మే నెలలో బయ్యన్న కూతురు లహరి పెళ్ళి వచ్చింది. బయ్యన్నకు ముప్పై ఎకరాల మెట్ట. మూడు బోర్లలో రెండు ఎండిపోయాయి, శెనక్కాయ వరసగా రెండేళ్ళు గడ్డికి కూడా రాలేదు. అయినా ఉన్న ఒక్క బిడ్డ పెళ్ళి ఘనంగా చేయాలనుకున్నాడు. ఉన్న ఒక్క బిడ్డ అని ఎందుకన్నానంటే, కొడుకు రాఘవేంద్ర మూడేళ్ళ కిందట హైవే మీద ఆగి ఉన్న లారీని బైకుతో గుద్ది పోయాడు. ఇరవై మూడేళ్ళవాడు. మా ఊళ్ళో ఆ రోజు ఎవరింట్లోనూ పొయ్యి వెలగలేదు.

మా వైపు ముహూర్తానికి ముందురోజు సాయంత్రమే రిసెప్షన్ చేస్తారు. పెళ్ళికొడుకుది విడపనకల్లు. వాళ్ళ పిల్లలూ లహరి స్నేహితులూ కలిసి డాన్సులు పెట్టుకున్నారు. పద్నాలుగు పాటల పట్టీ రాసి లహరి ఐజాక్ ఫోనుకు పంపింది. అతను నా అంగడికి వచ్చి ఆ పట్టీ తెరిచి ఫోను నా చేతికిచ్చాడు.

"నాలుగోది చదువన్నా."

చదివాను. అది రైలుకూత పాట. రైలు కూత కూసి, దాని వెనకే డప్పులు అందుకునే ఆ పాట మీద రాఘవేంద్ర ప్రాణం పెట్టేవాడు. అందుకే అతని స్నేహితులు ఆ రోజు బండి ముందు అదే పెట్టమన్నారు. ఐజాకే పెట్టాడు. ఊరి నుంచి వాళ్ళ చేన్లో తవ్విన గుంట దాకా అదొక్కటే తిప్పి తిప్పి మోగింది. లహరి అప్పుడు బెంగుళూరులో చదువుతోంది. బస్సు దిగి పరిగెత్తుకుంటూ వచ్చేసరికి గుంట పూడుస్తున్నారు. బండి ముందు ఆ పాట పెట్టిన సంగతి పాపకు తెలియదు. చెప్పే గుండె ఎవరికీ లేకపోయింది.

అసలు కథ వాళ్ళమ్మ రామసుబ్బమ్మది. కొడుకు పోయిన రెండో నెలలో ఆమె పామిడి నుంచి ఆటోలో వస్తోంది. అదే ఆటోలో ఐజాక్ ఉన్నాడు. డ్రైవరు పాటలు పెట్టాడు. వరసలో రైలుకూత పాట వచ్చింది. అది సగంలో ఉండగానే ఆమె "ఆపప్పా, ఆపు" అని అరిచి, ఆటో పూర్తిగా ఆగకముందే దూకి, ఎర్రటి ఎండలో చేలకు అడ్డంపడి వెళ్ళిపోయింది. ఐజాక్ ఆ పూట అన్నం తినలేదు. ఆ పాట బండి ముందు పెట్టింది తనే కదా.

మర్నాటి నుంచి అతను ఊరంతా తిరిగి చెప్పాడు. ఆటోవాళ్ళకు చెప్పాడు, మంగలి షాపులో చెప్పాడు, నాకు చెప్పాడు. ఆమె కనబడితే ఆ పాట కట్టేయాలి. మేము అంతకంటే ఎక్కువే చేశాం. పాట వస్తూ ఉండగా ఆపితే బాగుండదని, ఆమె వీధి మలుపు తిరిగేసరికే ఏ పాటయినా కట్టేసేవాళ్ళం. పాట ఆగాక గట్టిగా నవ్వుకోవడం బాగుండదని మాటలూ ఆపేసేవాళ్ళం. ఊరంతా ఒక్కమాట మీద ఉండడం నేను చూసింది అదొక్క విషయంలోనే. మా మంచితనానికి మేమే లోపల మురిసిపోయేవాళ్ళం కూడా.

ఆమె మాత్రం రాను రాను బయటికి రావడం మానేసింది. ఇప్పుడు సొంత కూతురి రిసెప్షన్‌కూ రానంటోంది. ముహూర్తానికీ రాదట, పీటల మీద పెద్దనాయన, పెద్దమ్మ కూర్చుంటారట. లహరి ఈ మాట చెప్పి ఐజాక్ ముందు ఏడ్చేసింది.

"అన్నా, మాయమ్మ బయటికి రాకపోతే నాకీ పెండ్లే వద్దు. నాయన చెప్పినా ఇనల్యా. ఆమె మనసు మారే పాటలేమైనా ఉంటే ఎయ్యన్నా. నువ్వు శానా పెండ్లిండ్లు చూసినోడివి."

పాపం, ఏ పాటలో ఏముందో తెలియని పిల్ల. ఐజాక్‌కు మాత్రం వెంటనే అర్థమైంది, లేదా అర్థమైందనుకున్నాడు. లహరి స్నేహితులు రోజూ వాళ్ళ మిద్దె మీద పట్టీలోని పాటలన్నీ పెట్టుకుని డాన్సు నేర్చుకుంటున్నారు. రైలుకూత కింద గదిలోకి వినబడే ఉంటుంది. అందుకే ఆమె రానంటోంది. ఆ పాట తీసేస్తే ఆమె వస్తుంది.

తీసేయడం అంత సులువా? మొదట లహరితో ఆ పాట ఫైలు చెడిపోయిందని చెప్పాడు. అయిదు నిమిషాల్లో పాప మళ్ళీ పంపింది. ఆ పాట పెళ్ళిలో మంచిది కాదన్నాడు. విడపనకల్లు వాళ్ళ ఆడపిల్లలు నెల నుంచి దానికే అడుగులు నేర్చుకున్నారు, తీస్తే మాటొస్తుందంది. బయ్యన్నను అడిగితే "నన్నేమీ అడగొద్దప్పా, ఏమన్నా ఏసుకోండి" అని తల తిప్పుకున్నాడు. ఆ మనిషికీ ఓపిక అయిపోయింది.

"ఇంగ ఆమెనే అడుగుతా" అన్నాడు ఐజాక్. "నువ్వూ రా కేశవన్నా. నాకు ఒక్కనికీ ధైర్యం చాల్యా."

రిసెప్షన్ రోజు పొద్దున చక్కెర మూటలు దించే వంకతో నేనూ వెళ్ళాను. ఇంటి ముందు షామియానా కడుతున్నారు. నీళ్ళ ట్యాంకరు దగ్గర ఆడవాళ్ళు బిందెలతో గొడవ పడుతున్నారు. పెళ్ళింటికి తెచ్చిన నీళ్ళలో వీధివాళ్ళకు వాటా ఉండాలా వద్దా అని. మేము పెరటివైపు వెళ్ళాం. రామసుబ్బమ్మ మునగచెట్టు నీడలో ఒక్కతే కూర్చుని అలసందలు చెరుగుతోంది. పాత నూలు చీర, మెడలో నల్లపూసలు. పెళ్ళింటి యజమానురాలని ఎవరూ అనుకోరు.

ఐజాక్ దూరంగా నిలబడ్డాడు. ఆమె చేట ఆపలేదు.

"ఏమప్పా ఐజాకూ, ఇట్లొస్తివి? కాఫీ తాగినావా?"

"తాగినామ్మా. ఒక మాట చెప్పిపోదామని వచ్చినా. ఆ పాట నేను ఎయ్యనమ్మా. ఎవురేమన్నా ఎయ్యను. నువ్వు ఈ పొద్దు బయటికి రావల్ల."

"ఏ పాటప్పా?"

తెలియనట్టు నటిస్తోందనుకున్నాం ఇద్దరం. ఐజాక్ నేలచూపులు చూస్తూ అన్నాడు.

"అదేమ్మా, రైలు కూత వస్తాది చూడు. ఆ దినం రాఘవ బండి ముందర ఏసింటిమి కదా, ఆ పాట."

చేట ఆగింది. ఆమె తలెత్తి ఐజాక్‌ను చూసింది, తర్వాత నన్ను చూసింది.

"ఆ దినం పాట ఏసినారా మీరు?"

ఐజాక్ తలూపాడు.

"నాకు ఆ దినం ఏమీ ఇనపల్యా ఐజాకూ" అంది నెమ్మదిగా. "ఎవురు ఏడ్చినారో తెల్దు, ఎవురు పట్టుకున్యారో తెల్దు. పాట ఏసినారంటే ఇప్పుడే ఇంటాండా."

"మరి ఆటోలో నించి ఆ పొద్దు దిగిపోతివి కదమ్మా? ఆ పాటే వస్తాండె."

"యా ఆటో?"

"కంకర మిషను కాడ. నేనూ ఉంటి ఆటోలో. అరిచి దూకితివి."

"ఓ, అదా. మా చేన్లో ఎవురివో మేకలు పడి శెనక్కాయ మేస్తాండె. అది చూసి దిగినా. ఉన్నెదే నాలుగు చెట్లు, అవి గూడా మేకలకేనా? పాటకేంటికి దిగుతారప్పా ఎవురన్నా?"

ఐజాక్ అక్కడే నేల మీద కూర్చుండిపోయాడు. నేను పెరటి గోడకు ఆనుకుని నిలబడ్డాను. ఆమె మాత్రం మా మొహాల్లో ఏదో చదువుతూనే ఉంది. ఆమెకు చదువు రాదు గానీ మనుషులను చదవడంలో ఎవరికీ తీసిపోదు.

"అయితే, మీరు నన్ను చూసి ఆపేది ఆ పాటనా? కేశవా, నేను అంగడికి వస్తానే నువ్వు ఫోను నొక్కేది అందుకా?"

"అవునక్కా" అన్నాను.

"ఓబిలేషు కూతురికి తొట్టెల పండగ చేసిరి. నేను పోతానే మైకు బందయిపాయె. ఆడోళ్ళంతా గమ్మున అయిపోయిరి. ఒకామె నవ్వుతాండె, నన్ను చూసి నోరు మూసుకునె. నేను ఏమనుకుంటినో తెలుసునా?" ఆమె చేట పక్కన పెట్టింది. "కొడుకుని తినిందాన్ని కదా. నా మొగం పడితే మంచి జరగదని ఊరంతా అనుకుంటాండారు అనుకుంటి. ఆ దినమే తొట్టెల కాడికి పోకుండా వాకిట్లో నించే వచ్చేస్తి. నా బిడ్డ పెండ్లిలో గూడా నేను పోయి నిలబడితే మైకు ఆగిపాయెననుకో, ఆ విడపనకల్లోళ్ళు చూస్తే నా బిడ్డని ఏమంటారు? అందుకే రానంటి. దానికి చెప్పలేక, నాకు బాగల్యాదంటి."

మూడేళ్ళు. ఊరంతా కలిసి ఆమె మీద దయ చూపిస్తున్నామనుకున్న మూడేళ్ళూ, ఆమె తనను వెలేశారనుకుంది. నాకు సిగ్గుతో తల ఎత్తబుద్ధి కాలేదు. ఆమె అంగడికి వచ్చినప్పుడల్లా ఫోను ఆపి, ఏదో ధర్మం చేసినవాడిలా తూకంలో నాలుగు గింజలు ఎక్కువ వేసేవాడిని. ఒక్కసారి "ఎట్లుండావక్కా" అని అడిగి ఉంటే ఏం పోయేది?

"తప్పయిపాయె అమ్మా" అన్నాడు ఐజాక్. అతని కళ్ళు తడిశాయి.

"ఒక్క మాట నన్ను అడిగింటే పోయేది కదప్పా" అంది ఆమె, కోపంగానే. "నా మనసులో ఏముండాదో మీరే అనుకుంటిరి, మీ మనసులో ఏముండాదో నేను అనుకుంటి. పోండి, పనుంది నాకు. పాట ఉండనీ."

వస్తానని అనలేదు, రానని కూడా అనలేదు. చేట మళ్ళీ అందుకుంది.

సాయంత్రం అయిదింటికల్లా ఐజాక్ బాక్సులు పెట్టాడు. ఎండ ఇంకా దిగలేదు, ఎర్ర దుమ్ము షామియానాలోకి వచ్చి అందరి పట్టు బట్టల మీదా పడుతోంది. స్టేజీ మీద లహరి, పక్కన పెళ్ళికొడుకు. పిల్ల మొహం నిండా నవ్వు పెట్టుకుంది గానీ కళ్ళు మాటిమాటికీ ఇంటి గుమ్మం వైపే వెళ్తున్నాయి. ముందు వరసలో బయ్యన్న పక్క కుర్చీ ఖాళీగా ఉంది. ఎవరో ముసలాయన దాంట్లో కూర్చోబోతే బయ్యన్న వద్దన్నాడు.

మూడు పాటలయ్యాయి. నాలుగోదానికి విడపనకల్లు పిల్లలు ఒకే రంగు బట్టలు వేసుకుని వచ్చి వరసగా నిలబడ్డారు. సరిగ్గా అప్పుడే గుమ్మంలో రామసుబ్బమ్మ కనబడింది. పెట్టె అడుగున ఉండిపోయిన ముడతలతో సహా పట్టుచీర కట్టుకుంది. తలలో పూలున్నాయి. మెల్లగా నడిచి వచ్చి బయ్యన్న పక్క కుర్చీలో కూర్చుంది. లహరి స్టేజీ మీద నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

రైలు కూసింది. డప్పులు మొదలయ్యాయి. విడపనకల్లు పిల్లలు ఆడడం మొదలుపెట్టారు. వాళ్ళకేం తెలుసు? మా ఊరివాళ్ళలో ఒక్కరూ కదల్లేదు. చప్పట్లు కొడుతున్న చేతులు ఆగిపోయాయి. పకోడీలు తింటున్నవాళ్ళు నమలడం ఆపేశారు. నూట యాభై మంది ఊపిరి బిగబట్టి ఆమె మొహమే చూస్తున్నారు. మళ్ళీ అదే మౌనం. ఐజాక్ చెయ్యి అలవాటుగా సౌండు తగ్గించే మీట మీదికి వెళ్ళింది. నేను పక్కనే ఉన్నాను, ఆ చెయ్యి పట్టుకున్నాను. అప్పటికి నాకు చేతనైన సాయం అదొక్కటే.

రామసుబ్బమ్మ లేచి నిలబడింది. వెనక్కి తిరిగి ఊరివాళ్ళనందరినీ ఒకసారి చూసింది.

"ఏమప్పా, ఏంటికి నన్ను అట్ల చూస్తాండారు?" పాటను మించి వినబడింది ఆమె గొంతు. "నాకు పాటలతో తగువు ల్యాదు. మీకు నోర్లుండాయి కదా, అడిగింటే చెప్పేదాన్ని. ఓబిలేషూ, కూచున్యావేంరా? మధ్యాన్నం అడిగి తెలుసుకుంటి, ఆ దినం ఆడితివంట కదా మావాని ముందర. ఈ పొద్దు మీ చెల్లెలి పెండ్లి. ఆడు."

ఓబిలేష్ రాఘవేంద్ర స్నేహితుడు. ఆ రోజు బండి ముందు ఏడుస్తూ ఆడినవాళ్ళలో ముందున్నవాడు. ఇప్పుడు పొట్ట వచ్చింది, ఒక కూతురు. అతను ఒళ్ళో పాపను భార్యకిచ్చి, కళ్ళు తుడుచుకుంటూ లేచాడు. అతని వెనక ఇంకొకడు లేచాడు. తర్వాత ఊరివాళ్ళు ఒక్కొక్కరే చప్పట్లందుకున్నారు. దుమ్ము లేచిపోయింది.

ఆమె నెమ్మదిగా ఐజాక్ బల్ల దగ్గరికి వచ్చింది. ఓబిలేష్ వైపే చూస్తూ అడిగింది.

"మావోడు ఇట్లనే ఆడేవాడా ఐజాకూ? నేను ఎప్పుడూ చూడల్యా. ఎవురి పెండ్లయినా వాడు ఆడే యాళకి నేను చేన్లోనో పొయ్యి కాడో ఉంటి. శానా బాగా ఆడేవాడంటారు అందరూ."

బాగా ఆడేవాడమ్మా అనడం ఎంతసేపు? మూడేళ్ళుగా మేము చేస్తున్నది అలాంటి పనే కదా. ఐజాక్ ఆమె మొహంలోకి చూశాడు. ఆ మొహంలోకి అతను నేరుగా చూడడం మూడేళ్ళలో అదే మొదలనుకుంటాను.

"ల్యామ్మా" అన్నాడు. "వానికి తాళం కుదిరేదే కాదు. కాలొక పక్కకి పోతే చెయ్యి ఇంగొక పక్కకి పోయేది. ముందర ఉన్నోళ్ళ కాళ్ళు తొక్కేవాడు. వాడు లేస్తే మేమంతా నవ్వేవాళ్ళం. అయినా ఆపేవాడు కాదు, పాట అయిపోయేదాకా ఆడేవాడు."

ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఏడుస్తోందనుకుని నేను కంగారుపడ్డాను. భుజాలు కదులుతున్నాయి. కొంగు తీశాక చూస్తే నవ్వుతోంది. కళ్ళ నుంచి నీళ్ళు కారుతూనే ఉన్నాయి, వాటిని తుడుచుకోనైనా తుడుచుకోకుండా నవ్వుతోంది.

"అచ్చం వాళ్ళ నాయన మాదిరే" అంది. "మా పెండ్లిలో ఆయప్ప గూడా నా కాలు తొక్కినాడు."

పాట అయిపోయింది. విడపనకల్లు పిల్లలు ఆయాసపడుతూ కూర్చున్నారు. అయిదో పాట పెట్టడానికి ఐజాక్ చెయ్యి చాచాడు.

"అది కాదు" అంది రామసుబ్బమ్మ. "ఇదే మల్ల ఎయ్యి. మాటల్లో పడి పాట సగమే ఇంటి."

ఐజాక్ పాటను మొదటికి తిప్పాడు. ఆమె బల్ల పక్కనే నిలబడి, రైలు కూత నుంచి చివరి డప్పు దాకా మొత్తం వింది.